తిరగని రీలు

ఫిల్మ్ కెమెరాకి ఎడమచేతి వైపు, పైన, ఒక చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది. ఫోటో తీశాక కుడిచేతి మీట లాగితే లోపల రీలు ఒక ఫోటో మేర జరుగుతుంది. రీలు నిజంగా జరిగితే ఆ నాబ్ కూడా తనంతట తాను కాస్త తిరుగుతుంది. తిరగలేదా, ఇక మీరు తీస్తున్నది ఏదీ రీలు మీద పడడం లేదన్నమాటే. ఇప్పుడు కెమెరాలు పట్టుకు తిరుగుతున్న మీ వయసువాళ్లకి ఈ సంగతి అక్కర్లేదు. తీసిన మరుక్షణం వెనక అద్దంలో చూసుకుంటారు, నచ్చకపోతే చెరిపేస్తారు. అయినా చెబుతున్నాను. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ నాబ్ దగ్గరే ఉంది. దానికి శిక్ష మాత్రం నేను పడలేదు, ఇంకో మనిషి పడ్డాడు.

కాశీబుగ్గ బజారులో మా స్టూడియో ఉండేది. బయటికి వెళ్లి ఫోటోలు తీసేవాణ్ణి నేను. లోపల డార్క్ రూమ్‌లో రీళ్లు కడిగి ప్రింట్లు వేసే మనిషి ఇంకొకాయన. మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. మా వైపు కాస్త చనువుంటే చాలు బావ అయిపోతాడు కాబట్టి ఆయన నాకు బావ, నేను ఆయనకి బావ. ఆ లెక్కన ఆయన భార్య నాకు చెల్లెలు. ఆయనది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. పొద్దున్నే బస్సులో వచ్చి చీకటి గదిలో దూరితే మధ్యాహ్నం భోజనానికే బయటికొచ్చేవాడు. ఎండలోకి వచ్చి కళ్లు చికిలిస్తుంటే నేను వెక్కిరించేవాణ్ణి. "నువ్వు తీసిన బొమ్మలన్నీ ముందు సూసీది నానే బావా. నువ్వు రెండోవోడివి" అనేవాడు. నిజమే. ఆయన కడిగితే గాని నేను తీసింది ఏమిటో నాకే తెలిసేది కాదు.

మా యజమాని మహా పిసినారి. ముప్పై ఆరు ఫోటోల రీల్లో ముప్పై ఎనిమిది రావాలనేవాడు. దానికి మాకొక కిటుకు ఉండేది. రీలు ఎక్కించేటప్పుడు దాని కొసని లోపలి పళ్ల చక్రానికి బాగా చుట్టకుండా, ఒక్క పంటికి మాత్రమే తగిలించి మూత వేసేసేవాళ్లం. అలా మొదట్లో రెండు ఫోటోల మేర మిగిలేది. ఎప్పుడూ బెడిసికొట్టలేదు. బెడిసికొట్టని పనిని మనిషి తెలివితేటలనుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను.

ముప్పై మూడేళ్ల కిందటి మాట. టెక్కలిలో రెండు రోజుల పెళ్లి తీసి, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో పొద్దున బస్సు దిగేసరికి స్టూడియోలో కబురు సిద్ధంగా ఉంది. బావ కొడుకు, మూడేళ్లవాడు, రెండు రోజుల జ్వరంతో పోయాడు. ఫోటో తీయడానికి నన్ను రమ్మన్నారు.

మీకు ఇది వింతగా ఉండొచ్చు. అప్పట్లో మా పల్లెల్లో చిన్నపిల్లలు పోతే స్నానం చేయించి, కాటుక పెట్టి, తల్లి ఒళ్లో పడుకోబెట్టి, నిద్రపోతున్నట్టు ఫోటో తీయించుకునేవారు. చాలామందికి ఆ పిల్లలవి వేరే ఫోటోలే ఉండేవి కావు. వేళ కాని వేళ నేను ఊళ్లోకి వస్తే "ఎవులు పోనారు బాబూ" అని అడిగేవారు. అయితే ఫోటో స్టూడియోలో పనిచేసే మనిషి కొడుక్కి కూడా ఒక్క ఫోటో లేకపోవడం ఏమిటంటే, పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్లాడికి ఫోటో తీయకూడదని బావ తల్లి పట్టుదల. సింహాచలం ప్రయాణం ఒక ఏడాది ఆగింది, మరుసటి ఏడాదీ ఆగింది. చెల్లి మాత్రం అడుగుతూనే ఉండేదట. స్టూడియో మనదే గదా, ఎప్పుడైనా తీసుకోవచ్చులే అని బావ అనేవాడట.

బస్సులో కూర్చునే పెళ్లి రీలు తీసి కొత్త రీలు ఎక్కించాను. అలవాటు ప్రకారం కొస ఒక్క పంటికి తగిలించాను. ఆ ఇంటి వాకిట్లో చెల్లి పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. పిల్లాడి చొక్కా గుండీ సరిచేసి, నా వైపు చూసి, "బాగా తియ్యి అన్నియ్యా" అంది. ఎనిమిది ఫోటోలు తీశాను. ఆమె వంక చూడలేక మీట లాగుతూ పోయాను. నాబ్ వైపు చూడలేదు.

పిల్లాణ్ణి పాతిపెట్టిన మర్నాడు బావ పనిలోకి వచ్చాడు. ఆ రీలు తానే కడుగుతానన్నాడు. లోపలికి వెళ్లిన చాలాసేపటికి తడి రీలు పట్టుకుని బయటికొచ్చి, ట్యూబులైటుకి ఎత్తి పట్టుకున్నాడు. అంచున అంకెలు తప్ప రీలంతా గాజులా ఖాళీగా ఉంది.

"నాబ్ తిరిగిందా బావా?" అన్నాడు.

"సూడలేదు" అన్నాను.

ఆ సాయంత్రం ఆయన వెనకే వాళ్ల ఊరు వెళ్లాను. తప్పు ఒప్పుకుందామనే వెళ్లాను, ఆ మాత్రం నిజం. కాని నేను చెప్పులు విప్పేలోపే ఆయన భార్యతో, "నా సేతిలోనే పాడైపోనాది. డార్క్ రూము తలుపు సందులోంచి ఎలుతురు పడిపోనాది" అన్నాడు. ఆమె ఆ ఖాళీ రీలు ఆయన చేతిలోంచి లాక్కుని, "ఏటీ లేకపోయినా ఇందులో నా బాబున్నాడు" అని లోపలికి పట్టుకెళ్లిపోయింది. నేను విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుని వచ్చేశాను. సిగ్గుపడాల్సిన పని అదే. తప్పు చేయడం కాదు, ఆ చెప్పులు వేసుకోవడం.

ఆ తర్వాత వాళ్లకి ఒక కూతురు పుట్టింది. ఆ ఇంట్లోకి కెమెరా మాత్రం మళ్లీ రాలేదు. చెల్లి ఒప్పుకోలేదు. బావకి అన్నం పెట్టేది, జ్వరమొస్తే కాళ్లు పట్టేది, కాని ఆయనతో అవసరానికి మించి మాట్లాడేది కాదని మాకందరికీ తెలుసు. బావ, నేను రోజూ పక్కపక్కనే పని చేశాం. ఆ రీలు మాట ఎప్పుడూ ఎత్తలేదు. డిజిటల్ వచ్చింది, డార్క్ రూమ్‌ని యజమాని కొడుకు జెరాక్సు గది చేశాడు, బావ ఊరికి వెళ్లిపోయి జీడితోట చూసుకోసాగాడు. కొన్నేళ్లకి నేనూ మానేశాను.

మూడేళ్ల కిందట పలాసలో డయాలసిస్ చేసేచోట బెంచీ మీద బావ కనిపించాడు. ఉద్దానంలో ఇంటికొకరికి ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు, ఆటోలో వచ్చి రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తున్నాడు. సగమైపోయాడు. కాసేపు మామూలు కబుర్లు చెప్పి, ఉన్నట్టుండి అన్నాడు:

"బావా, నీ దగ్గర రీలేదైనా మిగిలిందేటి?"

మిగిలింది. గడువు ఎప్పుడో దాటిపోయిన నలుపు తెలుపు రీలు ఒకే ఒక్కటి, మా ఫ్రిజ్‌లో కూరగాయల అర వెనక. మా ఆవిడ ఎన్నోసార్లు పారేయబోయింది.

"మా మనవరాలికి మూడేళ్లు. దాన్ని తియ్యి. ముస్తాబు చేసి కాదు, అన్నం తింతన్నప్పుడు, ఏడుత్తన్నప్పుడు, ఆడతన్నప్పుడు, రోజూ ఎలగుంతాదో అలగ. నాను కడుగుతాను."

"ఫోన్లో తీసుకుంటే పోదా?"

"ఫోన్లో తీసింది నాను కడగలేను గదా బావా" అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండా, "నా సేతులతో ఒక్క పిల్ల బొమ్మైనా పైకి రావాల. బేగి తియ్యి" అన్నాడు.

ఎందుకంత తొందరో ఇద్దరికీ తెలుసు.

చెల్లి ఒప్పుకోదనుకున్నాను. గడప దగ్గర నిలబడి నా మెడలో కెమెరాని చాలాసేపు చూసింది. "పుట్టెంట్రుకలు తీయించేసినాం. తీసుకో" అంది. ఒక్క షరతు పెట్టింది. "నిద్దరోతన్నప్పుడు మాత్రం తియ్యకు అన్నియ్యా. నాను సూడలేను."

ఈసారి రీలు కొస గట్టిగా చుట్టాను. రెండు ఫోటోలు పోతే పోనీ. నలభై రోజులు నా పాత స్కూటర్ మీద కాశీబుగ్గ నుంచి ఆ ఊరు తిరిగాను. పిల్ల తల్లి, అంటే బావ కూతురు, జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేది, పొద్దున్నే ఆటోలో వెళ్లి సాయంత్రం వచ్చేది. పగలంతా ఆ గుంట, మా వైపు ఆడపిల్లని అలాగే అంటాం, తాత మంచం చుట్టూనే. నేను తొందరపడలేదు. కొన్ని రోజులు ఒక్క ఫోటో కూడా తీయకుండా వెనక్కొచ్చాను. అమ్మమ్మ చెప్పులు వేసుకుని వాకిట్లో నడుస్తుంటే ఒకటి తీశాను. జడ వేస్తుంటే మూతి చాపి ఏడుస్తుంటే ఒకటి. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డు తినకుండా పలక మీద దొర్లిస్తుంటే ఒకటి. డాక్టర్లు బావకి రోజుకి రెండు గ్లాసుల నీళ్లే తాగమన్నారు. ఆ గ్లాసు పట్టుకెళ్లి ఇచ్చే పని పిల్లది. సగం ఒలకబోసుకుంటూ, రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి, దారంతా ఆ నీళ్లనే చూసుకుంటూ వచ్చేది. అలా వస్తుంటే ఒకటి తీశాను.

చెప్పాను గదా, రీలు పాతది, ఇంకోటి లేదు, బావ మొహం చూస్తే రోజు రోజుకీ పాలిపోతోంది. ప్రతి ఫోటోకీ మీట లాగి నాబ్ వంక చూసేవాణ్ణి. తెలియకుండానే "తిరిగింది" అని గొణిగేవాణ్ణట. రెండు వారాలకి పిల్ల పట్టేసింది. నేను మీట లాగగానే వేలు చూపించి "తిరిగింది తాతా" అని అరిచేది. బావ మంచం మీద నుంచి నవ్వేవాడు. చెల్లి ఒకరోజు చేటతో బియ్యం చెరుగుతూ, "అదేటి అన్నియ్యా, ప్రెతిసారీ తిరిగింది తిరిగింది అంతావు?" అంది. "రీలు తిరుగుతాది గదా" అన్నాను. బావ నవ్వు ఆపేశాడు.

రీలు అయిపోయింది. విశాఖలో సరదాకి ఫిల్మ్ ఫోటోలు తీసే ఒక తెలిసిన కుర్రాడి ద్వారా రీలు కడిగే మందులు, డెవలపరూ హైపో, తెప్పించాను. ఆదివారం కడుగుదామన్నాడు బావ. అది ఆయనకి అన్నిటికంటే కష్టమైన రోజు. శుక్రవారం తర్వాత రెండు రోజులు రక్తం శుభ్రం కాదు, ఒళ్లంతా నీరు పట్టి ఆయాసం వస్తుంది. వద్దన్నాను. కూతురికి ఆదివారమే సెలవు, అది చూడాలన్నాడు.

జీడిపిక్కల బస్తాలుండే కొట్టుగది కిటికీకి దుప్పట్లు కట్టాం. తలుపు సందుల్లో చెల్లి పాత చీర కుక్కింది. రీలుని డబ్బాలోంచి తీసి, చువ్వల చక్రానికి చుట్టి, మూతున్న ట్యాంకులో పెట్టేదాకా చుక్క వెలుతురు పడకూడదు. ఆ తర్వాత పనంతా వెలుతురులోనే. "అంతవరకూ నేను చేస్తాను బావా" అన్నాను. "నీ పని అయిపోనాది. ఇది నాది" అని కత్తెరా ట్యాంకూ పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మామూలుగా ఆయనకి రెండు నిమిషాల పని.

పది నిమిషాలైంది. లోపల ఉక్క ఎలా ఉంటుందో బయట నిలబడ్డ మాకు చెమటలు పట్టడాన్ని బట్టి తెలుస్తూనే ఉంది. ఆయాసం వినిపిస్తోంది. కత్తెర కింద పడ్డ చప్పుడు అయింది. కాసేపు చేతులతో నేల తడుముతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"నాన్నా" అని పిలిచింది కూతురు. పలకలేదు.

చెల్లి తలుపు మీద చెయ్యి వేసింది. నేను ఆమె చెయ్యి మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. నలభై ఏళ్ల అలవాటు, డార్క్ రూమ్ తలుపు తీయకూడదు.

"నా మొగుడి కంటే నీ రీలెక్కువేటి?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నా చెయ్యి తీసేశాను. కాని ఆమె వెంటనే తొయ్యలేదు. తలుపుకి చెవి ఆనించి నిలబడింది. తీస్తే ముప్పై ఏళ్ల కిందటి లాగే మళ్లీ వెలుతురు పడిపోతుంది, తీయకపోతే లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఆమె మొహంలో ఆ రెండూ కనిపిస్తున్నాయి. పిల్ల మా కాళ్ల మధ్య నుంచి దూరి తలుపు మీద రెండు చేతులా కొట్టింది. "తాతా, తిరిగిందా?"

లోపల్నుంచి దగ్గు వినిపించింది. "తిరగతంది... తియ్యకండి. కూకున్నాను" అన్నాడు. ఇంకో అయిదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. నిలువెల్లా తడిసిపోయి, మూత పెట్టిన ట్యాంకుని కడుపుకి హత్తుకుని బయటికొచ్చాడు. చెల్లి ఆయన రెక్క పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. అడగకుండానే నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆ రోజుకి అది మూడో గ్లాసు.

తర్వాత పనంతా ఆయన చేతులే చేశాయి. గడియారం చూసుకుంటూ ట్యాంకు ఊపాడు, డెవలపరు పారబోశాడు, హైపో పోశాడు. చివరికి మూత తీసి రీలు బయటికి లాగాడు. వాకిట్లో ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. పాత రీలు కదా, కాస్త మసగ్గా ఉన్నా, అన్నీ వచ్చాయి. చెప్పుల్లో గుంట, గుడ్డు దొర్లిస్తున్న గుంట, గ్లాసు పట్టుకున్న గుంట. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేనూ మొహం తిప్పుకున్నాను. బావ మాత్రం అన్నేళ్లలో నేనెప్పుడూ చూడనంత సంతోషంగా ఉన్నాడు. పిల్లని దగ్గరికి లాక్కుని చెప్పుకుపోతున్నాడు.

"సూసినావా, మీ తాత సెయ్యింకా పడిపోలేదు. నానెక్కడైనా ఎలుతురు పడనిచ్చుంటే రీలంతా నల్లగా బొగ్గైపోయీది. మీ ఫోటో తాత కెమెరాలో తిరగకపోయుంటే ఏటీ లేకుండా గాజులాగుండీది. రెండూ అవలేదు గదా..."

అని ఆగిపోయాడు. ఆగేసరికే ఆలస్యమైంది. చెల్లి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

ఆమె లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడైంది. బయటికొచ్చేటప్పుడు చేతిలో చిన్న చొక్కా ఒకటి, దానిలో చుట్టిన పాత రీలు. రీలు విప్పి ఎండకి పట్టుకుంది. ముప్పై ఏళ్లలో కాస్త పసుపు తిరిగింది, అంతే. దానిలోంచి అవతలి కొబ్బరిచెట్లు కనిపిస్తున్నాయి.

"ఇది నల్లగా లేదేటి?" అంది.

బావ తల దించుకున్నాడు. ఇప్పుడు కూడా ఆయనే ఏదో ఒకటి అల్లి చెబుతాడని నాకు తెలుసు. నోరు తెరిచాడు కూడా.

"నేనే చెల్లీ" అన్నాను. "కెమెరాలో రీలు తిరగలేదు. నేను చూసుకోలేదు. బావ చెయ్యి ఏ తప్పూ చేయలేదు."

ఆమె నన్ను చూడలేదు. బావని చూసింది. "మరెందుకు సెప్పలేదు?"

"సెప్తే బావ మనింటికి మరి రాడు" అన్నాడు బావ, నేల చూస్తూ. "ఇంట్లో లేని మనిసిని ఎక్కడని తిట్టుకుంతావు? నానైతే ఎదురుగా ఉంతాను గదా."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "ముప్పై ఏళ్లు" అంది. "ముప్పై ఏళ్లు నీకు మొకం తిప్పుకునే అన్నం పెట్టినాను." నా వైపు తిరగకుండానే, "నువ్వెల్లిపో అన్నియ్యా" అంది.

వెళ్లిపోయాను. స్కూటర్ స్టార్ట్ చేయడానికి ఆరేడుసార్లు కిక్కు కొట్టాల్సొచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆ ఊరు వెళ్లలేదు. బావని పలాసలో చూడ్డానికి వెళ్లినప్పుడు దూరం నుంచే ఆగిపోయాను. ఎందుకంటే పక్కన చెల్లి ఉంది. ఇదివరకు కూతురో పొరుగువాళ్లో వచ్చేవారు, ఇప్పుడు ఆమే వస్తోంది. ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఏదో చెబుతోంది, ఆయన వింటున్నాడు. విశాఖ కుర్రాడి చేత ప్రింట్లు వేయించారని తర్వాత తెలిసింది. నాకు చూపించలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఒకరోజు పొద్దున కూతురు ఫోన్ చేసింది. బావ పోయాడు. "అమ్మ నిన్ను బేగి రమ్మంది మావా" అంది.

ఇలాంటి కబురొస్తే నా చేతులకి తెలిసిన పని ఒకటే. కెమెరా మెడలో వేసుకున్నాను. ఏ కెమెరా ఏమిటని కూడా చూడలేదు, అందులో రీలు లేనే లేదు. దారంతా ఆమె ఏమంటుందో అనుకుంటూనే వెళ్లాను. నన్ను ఊళ్లో చూడగానే జనం దారిచ్చారు, ఫోటోకి వచ్చాననుకున్నారు.

బావని వాకిట్లో పడుకోబెట్టారు. తల దగ్గర ఆయన ఫోటో లేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, నాలుక బయటపెట్టి, నీళ్లు ఒలకబోసుకుంటూ వస్తున్న పిల్ల ఫోటో పెట్టారు. అది ప్రింటులో చూడడం నాకు అదే మొదటిసారి.

చెల్లి తలెత్తింది. నన్నూ, నా మెడలో కెమెరానీ చూసింది.

"ఆయన్ని తియ్యక్కర్లేదన్నియ్యా" అంది. "అది అక్కడెట్టీ. గుంట పొద్దుట్నుంచి ఏటీ తిన్లేదు. ఎవులెత్తుకున్నా ఏడుత్తంది. నువ్వెత్తుకో."

కెమెరా తీసి అరుగు మీద పెట్టి పిల్లని ఎత్తుకున్నాను. ఎవరో ఇంత అంబలి పోసిస్తే నా చేత్తోనే తాగించాను. చాలాసేపటికి అది నా భుజం మీదే నిద్రపోయింది.